ఆ ఊళ్లో రాత్రి ఉండనంటున్న మామగారు

జొహానెస్‌బర్గ్ నుంచి ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరమిది. ఆనవాళ్లు తెలియకుండా సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమె పుట్టిల్లు కాకినాడ. ఉద్యోగం మీద దక్షిణాఫ్రికా వెళ్లి, అక్కడ పరిచయమైన డర్బన్ తెలుగు కుటుంబపు అబ్బాయిని పెళ్లి చేసుకున్నారు. అతని పూర్వీకులు చెరకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా మద్రాసు రేవులో ఓడెక్కి, డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతం చేరినవారు. పెళ్లి తరువాత రెండు కుటుంబాల పెద్దలూ మళ్లీ కలుసుకోలేదు. ఈ జూన్ చివర్లో ఆమె తల్లిదండ్రులు మొదటిసారిగా దక్షిణాఫ్రికా వస్తున్నారు. తండ్రి ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. తల్లికి ఉబ్బసం ఉంది. మంచు కురుస్తుండగా ఒక్కసారైనా చూడాలని ఆవిడకు ఏనాటి నుంచో కోరిక. ఆ కోరిక తీర్చవచ్చునని, రెండు కుటుంబాలూ కలిసి గడపవచ్చునని మా పాఠకురాలు ఫ్రీ స్టేట్ రాష్ట్రంలోని క్లారెన్స్ అనే చిన్న కొండ ఊళ్లో జూలై రెండో వారంలో మూడు రాత్రులకు ఒక ఇల్లు మాట్లాడి, డబ్బు కట్టి, ఫోటోలతో సహా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

అత్తగారు సంతోషించారు. డెబ్బై నాలుగేళ్ల మామగారు మాత్రం రెండు రోజులు మౌనంగా ఉండి, కొడుక్కి ఫోన్ చేసి, "మీరందరూ వెళ్లిరండి, ఆ రాష్ట్రంలో నేను రాత్రి పడుకోను" అన్నారు. ఆయన పన్నెండేళ్ల వయసులో, బంధువుల పెళ్లికి డర్బన్ నుంచి జొహానెస్‌బర్గ్ వెళుతుండగా హారిస్మిత్ దగ్గర చీకటి పడ్డాక వాళ్ల కారు ఆగిపోయిందట. భారతీయులకు ఆ రాష్ట్రంలో రాత్రి బస లేదని బసలన్నీ తిప్పి పంపేశాయట. జ్వరంతో ఉన్న చెల్లెలితో సహా ఇంటిల్లిపాదీ చలిలో, కారులోనే తెల్లవార్లూ కూర్చున్నారట. ఈ సంగతి కొడుకు కూడా మొదటిసారి వినడమే. అయినా అతను, "ఆ కాలం పోయింది, నాన్న ఊరికే పట్టుబడుతున్నారు" అంటున్నాడు. కారణం తెలియని కాకినాడ తండ్రి, "వియ్యంకుడు గారికి మాతో కలిసి రావడం ఇష్టం లేదేమో" అని నొచ్చుకున్నారు. తల్లి, "నా మంచు కోసం మీరు గొడవలు పడకండి, మానేయండి" అంటున్నారు. మానుకోవాలా, ఆయన లేకుండా వెళ్లాలా, మరో చోటు చూడాలా, ఆయనకు నచ్చజెప్పాలా అన్నది పాఠకురాలి ప్రశ్న. ఉబ్బసం ఉన్న తల్లికి ఆ ఎత్తు పడుతుందా అని కూడా అడిగారు.

సమాధానం

మీ చివరి ప్రశ్నకు జవాబు సులువు కనుక ముందు దాన్ని ముగిస్తాను. ఎత్తు గురించి మీరు ప్రత్యేకంగా భయపడవలసిన పని లేదు, ఎందుకంటే మీరు కాపురముంటున్న జొహానెస్‌బర్గే సముద్రమట్టానికి సుమారు 1,750 మీటర్ల ఎత్తున ఉన్న నగరం. క్లారెన్స్ 1,800 మీటర్ల పైచిలుకు మాత్రమే. మీ అమ్మగారు కాకినాడ సముద్రతీరం నుంచి మీ ఇంటికి వచ్చి రెండు వారాలు ఉండి, ఇబ్బంది లేకుండా మెట్లెక్కి దిగగలిగితే, కొండ ఊరి ఎత్తు ఆవిడకు కొత్త కాదు. ఆలోచించవలసింది జూలై చలి గురించి. అక్కడ ఆ నెలలో రాత్రిపూట ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగుతుంది, గాలి బాగా పొడిగా ఉంటుంది. పైగా ఆ ఊళ్లో అద్దెకిచ్చే ఇళ్లలో చాలా వాటికి కట్టెల పొయ్యే వెచ్చదనం. ఫోటోలో అందంగా కనిపించే ఆ పొయ్యి పొగ ఉబ్బసం ఉన్న మనిషికి రాత్రంతా నరకం కావచ్చు. పడకగదిలో కరెంటు హీటరు, పరుపు మీద వేడినిచ్చే దుప్పటి ఉన్నాయా అని ఇంటివాళ్లను ఈరోజే అడగండి. బయలుదేరే ముందే అమ్మగారి డాక్టరుతో మాట్లాడి, పీల్చే మందులు రెండు చోట్ల పెట్టుకోండి. ఒకటి చేతిసంచిలో ఉండాలి.

మంచు విషయంలో మాత్రం ఆశ పెంచకండి. మలూటి కొండల మీద చలికాలంలో కొన్ని రోజులు మంచు కురుస్తుంది, కానీ ఏ రోజులన్నది ముందుగా బుక్ చేసుకునే వీలు లేదు. ఎక్కువ రోజులు ఆకాశం నీలంగా, కొండలు ఎండుగడ్డి రంగులో ఉంటాయి. మంటలు పాకకుండా ముందే కాల్చి వదిలిన గడ్డి చారలు అక్కడక్కడా నల్లగా కనిపిస్తాయి. కోనసీమ పచ్చదనం అలవాటైన కళ్లకు మొదటి పూట అది బీడులా తోచవచ్చు. తప్పనిసరిగా మంచే కావాలంటే పక్క దేశమైన లెసోతోలో మూడు వేల మీటర్ల ఎత్తున, యంత్రాలతో మంచు తయారుచేసే స్కీయింగ్ కేంద్రం ఉంది. అయితే అక్కడికి వెళ్లాలంటే సరిహద్దు దాటాలి, భారత పాస్‌పోర్టు మీద లెసోతో వీసా కావాలి, మీ తల్లిదండ్రుల దక్షిణాఫ్రికా వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చినదైతే తిరిగి రావడం దగ్గర చిక్కు పడుతుంది. ఆ ఎత్తు, ఆ చలి మీ అమ్మగారికి తగవని కూడా నా అభిప్రాయం.

ఇక అసలు సంగతి. మీ భర్త "ఆ కాలం పోయింది" అన్నది నిజమే, కానీ ఆ కాలం ఏమిటో, ఎన్నాళ్లు సాగిందో మీరిద్దరూ ఒకసారి వివరంగా తెలుసుకుంటే మామగారి మాట మరోలా వినిపిస్తుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్ రేవులో లంగరు వేసింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా భారతీయులు ఒప్పందం మీద నటాల్ చేరారు. వారిలో మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. వారి సంతానమే 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది. నటాల్ పక్కనే, డ్రాకెన్స్‌బర్గ్ కొండలకు ఆవల, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే బోయర్ (డచ్ సంతతి తెల్లవారి) రిపబ్లిక్ ఉండేది. ఆ రిపబ్లిక్ చేసిన చట్టం ఆసియావాసులు అక్కడ స్థిరపడకూడదని, వ్యాపారం చేయకూడదని, సేద్యం చేయకూడదని నిషేధించింది. 1891లో అక్కడి కొద్దిమంది భారతీయ వర్తకుల దుకాణాలు మూయించి, పరిహారం ఇవ్వకుండా వెళ్లగొట్టారు. 1910లో నాలుగు బ్రిటిష్ వలసలు కలిసి ఒక దేశమైనప్పుడు ఆ నిషేధం పోలేదు. రిపబ్లిక్ అంతరించినా అది బతికే ఉంది. దాన్ని తొలగించింది 1986లో. అప్పటికి మీ మామగారు ముప్ఫై ఏళ్లు దాటిన, సంసారమున్న మనిషి. అంటే ఆయన చెప్పింది పన్నెండేళ్ల పిల్లవాడి ఒక్క రాత్రి ముచ్చట కాదు. డర్బన్ నుంచి జొహానెస్‌బర్గ్ పోయే దారి వాన్ రీనెన్ కనుమ ఎక్కగానే ఫ్రీ స్టేట్‌లో పడుతుంది. ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ, పెద్దవాడయ్యాక కూడా, ఆగకుండా దాటిపోవలసిన నేల అది ఆయనకు.

మరో విషయం కూడా తెలుసుకుని ఉండండి, లేకపోతే ఆయన ఎత్తినప్పుడు తెల్లబోతారు. ఆ ఊరిని 1912లో స్థాపించి, స్విట్జర్లాండులోని క్లారెన్స్ పేరు పెట్టారు. మరో బోయర్ రిపబ్లిక్ అయిన ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్ 1904లో ప్రవాసంలో కన్నుమూసింది ఆ స్విస్ ఊళ్లోనే. ఆసియావాసులకు పౌరసత్వమూ, నిర్దేశించిన వాడల బయట స్థిరాస్తీ లేకుండా చేసిన 1885 నాటి ట్రాన్స్‌వాల్ చట్టం ఆయన ఏలుబడిలోనే వచ్చింది. మీరు గ్రూపులో పెట్టిన ఆ ఫోటోల్లో మీకు ఇసుకరాతి కొండలు, పూలకుండీలు, చిత్రకళా శాలలు కనిపించి ఉంటాయి. ఆయన ముందు పేరు చదివి ఉంటారు.

ఇంత చెప్పినందుకు ఆ ఊరిని వెళ్లకూడని చోటుగా ముద్ర వేస్తున్నానని అనుకోకండి. ఆ నేల మీద ఫిర్యాదు ఉన్నది మన వాళ్లకొక్కరికే కాదు. 1860లలో జరిగిన యుద్ధాల్లో బసోతో రాజు మొష్వేష్వే కాలెడాన్ నదికి ఇవతలి సారవంతమైన భూములను బోయర్లకు పోగొట్టుకుని, మిగిలినదైనా దక్కించుకోవడానికి 1868లో బ్రిటిష్ రక్షణ కోరవలసి వచ్చింది. ఇప్పటి లెసోతో ఆ మిగిలిన భాగమే. ఈరోజు క్లారెన్స్ హోటళ్లలో అన్నం వడ్డించేవారు, గదులు సర్దేవారు చాలావరకు బసోతోల భాష సెసోతో మాట్లాడేవారు. ఊరి పక్కన క్గుబెట్స్వానా అనే వాడలో ఉంటారు. పలకరిస్తే పెద్దవాళ్లను 'న్తాతే', 'మ్మే' అని తండ్రినీ తల్లినీ పిలిచినట్టే పిలుస్తారు. మీ మామగారిని అక్కడ ఇప్పుడు ఎవరైనా పలకరిస్తే ఆ వరసతోనే పలకరిస్తారు. ఈ మార్పు నిజమైనదే. కానీ దాన్ని ఆయనకు వాదనగా వినిపించకండి. మార్పు వచ్చిందని ఆయనకు తెలియక కాదు కదా.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు తోచినది చెబుతాను. ఆయన మిమ్మల్ని ఆపలేదు. "మీరు వెళ్లిరండి" అన్నారు. తన సంగతి ఒక్కటే చెప్పారు, అదీ అరవై ఏళ్లు ఎవరికీ చెప్పని కారణంతో సహా. మీ ఇంట్లో దాన్ని పట్టుదలగానూ, మీ పుట్టింట్లో నిరాదరణగానూ తీసుకున్నారు. రెండూ పొరపాటు. అలా తీసుకోవడానికి ఒక కారణం ఏర్పాటు జరిగిన తీరులో ఉందని నా అనుమానం. ఊరు ఎంచుకోవడం, డబ్బు కట్టడం అయిపోయాక అందరికీ ఒకేసారి గ్రూపులో తెలిసింది. ఎవరినీ విడిగా అడగలేదు. ఆనందంగా చేసిన పనే, తప్పు పట్టడం లేదు. అయితే డెబ్బై నాలుగేళ్ల మనిషికి అందరికీ తెలిసేలా 'నేను రాను' అనడం తప్ప మరో దారి మిగలలేదు.

అందుచేత ఏ ఊరు అన్నది తేల్చేముందు మీ నాన్నగారి అపోహ తీర్చాలి, ఎందుకంటే రోజులు గడిచే కొద్దీ గట్టిపడేది అదొక్కటే. మామగారి కథను ఆయన అనుమతి లేకుండా కాకినాడకు చేరవేయకండి. ఫోన్ చేసి, "మీరు చెప్పిన సంగతి మా నాన్నకు చెప్పవచ్చునా, లేక మీరే చెబుతారా" అని అడగండి. మీరు అడగడమే మేలు, ఎందుకంటే మీ భర్త ఇప్పటికే ఒక తీర్పు ఇచ్చేశాడు. ఆయనే చెబుతానంటే అంతకంటే మంచిది లేదు. మామగారి తెలుగు ఎక్కువగా భజనల్లోదే అయినా ఇబ్బంది లేదు. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకోగలరు. గోదావరి కాలువల కింద పల్లెపల్లెలూ తిరిగి పనిచేసిన మీ నాన్నగారికి, ఏ మనిషిని ఏ వీధిలోకి రానివ్వలేదో వినడం కొత్త కాకపోవచ్చు. ఆ సంభాషణ తరువాత వియ్యంకులిద్దరి మధ్య మీరు తిరగవలసిన అవసరం తగ్గుతుంది. మామగారు వద్దంటే మాత్రం, "ఆయనకు ఆ రాష్ట్రంతో పాత బాధ ఒకటి ఉంది, మీతో ఏ సంబంధమూ లేదు" అన్నంత వరకే చెప్పి ఊరుకోండి.

ఇప్పుడు దారుల సంగతికి వస్తాను. ఆయన లేకుండా వెళ్లడం మొదటిది. ఆయనే వెళ్లమన్నారు కనుక అందులో అగౌరవం లేదు. జొహానెస్‌బర్గ్ నుంచి మూడున్నర, నాలుగు గంటల ప్రయాణం. ఆ చివరి రోడ్లలో గుంతలు ఎక్కువ, పశువులు అడ్డం వస్తాయి, జూలైలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. కాబట్టి పొద్దున్నే బయలుదేరండి. హోటళ్లలో మాంసం, ట్రౌట్ చేపలు, స్థానికంగా కాచిన బీరు ప్రధానం. మీవాళ్లు శాకాహారులైతే మీరు తీసుకున్న ఇంట్లో వంటకు ప్రెషర్ కుక్కర్, కందిపొడి, ఊరగాయ వెంట ఉంచుకోండి. ఊరికి ఇరవై కిలోమీటర్లలో గోల్డెన్ గేట్ జాతీయ ఉద్యానవనం ఉంది. కారు దిగకుండానే ఇసుకరాతి శిఖరాలు చూడవచ్చు, సాయంకాలపు ఎండకు అవి పసుపు నుంచి కాషాయానికి తిరుగుతాయి. మీ అమ్మగారి మోకాళ్లకు, ఊపిరికి ఆ పద్ధతే సుఖం. ఆ ఉద్యానవనాన్ని 1963లో ప్రకటించారు. మీ మామగారు కారులో తెల్లవార్లూ కూర్చున్నది దాదాపు ఆ ఏడాదే అయి ఉంటుంది. మీ నాన్నగారికి మాత్రం ఉద్యానవనం కంటే క్లారెన్స్ దగ్గరి యాష్ నది ఎక్కువ నచ్చుతుందని నా ఊహ. లెసోతోలోని కాట్సే జలాశయం నీరు కొండల కింద ఎనభై కిలోమీటర్లకు పైగా సొరంగాల్లో నడిచి, దారిలో ఒక జలవిద్యుత్ కేంద్రాన్ని తిప్పి, ఆ నది దగ్గర వెలుగు చూస్తుంది. అక్కడి నుంచి వాల్ జలాశయానికి చేరి మీ జొహానెస్‌బర్గ్ కుళాయిల్లోకి వస్తుంది. 1998 నుంచి సాగుతున్న ఈ ఏర్పాటును చూపిస్తే ఆయన ఒక పూట అక్కడే నిలబడిపోతారు.

ఈ దారిలో వచ్చే నష్టం వేరే చోట ఉంది. అత్తగారు రావాలనుకుంటున్నారు, కానీ భర్తను డర్బన్‌లో వదిలి రాలేరు. రెండు కుటుంబాలు కలవాలన్న మీ మొదటి ఉద్దేశం నెరవేరదు. వెళ్లేటట్లయితే ఆ కలయికను మరోచోట పెట్టుకోండి. మీ తల్లిదండ్రులను క్లారెన్స్ కంటే ముందే డర్బన్ తీసుకువెళ్లి, మామగారి ఇంట్లో నాలుగు రోజులు ఉంచండి. ముందు వెళ్లడం ముఖ్యం. కొండలు చూసి వచ్చాక తీరిగ్గా ఆయన దగ్గరికి వెళితే అది మిగిలిన పనిలా కనిపిస్తుంది.

రెండో దారి నటాల్ వైపు కొండలకు మారడం. డ్రాకెన్స్‌బర్గ్ దక్షిణ భాగంలో అండర్‌బర్గ్, హిమ్‌విల్ అనే చిన్న ఊళ్లు ఉన్నాయి. డర్బన్ నుంచి రెండున్నర గంటలు. మీకు మాత్రం ఐదు గంటలు దాటుతుంది. మామగారు పుట్టి పెరిగిన రాష్ట్రమే కనుక ఆయనకు అభ్యంతరం ఉండకపోవచ్చు, అయినా అడిగి తెలుసుకోండి. నటాల్‌లోనూ హోటళ్ల తలుపులు భారతీయులకు తెరుచుకుని ఉన్న కాలం కాదది. అక్కడి వాళ్లంతా గొప్పగా చెప్పే సాని కనుమ జోలికి మాత్రం మీ తల్లిదండ్రులతో వెళ్లకండి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే (4x4) వాహనాలకే అనుమతి, పైకి చేరేసరికి సుమారు 2,870 మీటర్ల ఎత్తు, ఆపైన మళ్లీ లెసోతో సరిహద్దు. ఈ మార్పుకు మీరు కట్టిన డబ్బులో కొంత పోతుంది. పోయిన మొత్తం గురించి ఎవరి దగ్గరా, ముఖ్యంగా మామగారు వినేటట్లు, ప్రస్తావించకుండా ఉండగలిగితేనే ఈ దారి పట్టండి. 'ఆయన కోసం మార్చుకున్నాం' అన్న మాట మూడు రోజులూ గాలిలో తిరిగితే, ఆయన రావడం కంటే రాకపోవడమే సుఖంగా ఉంటుంది.

మూడో దారి మీకు ఇప్పటికే తోచి ఉంటుంది, తోచకపోతే మీ భర్తకు తప్పక తోస్తుంది. నటాల్‌లోనే ఉత్తర డ్రాకెన్స్‌బర్గ్ పాదాల దగ్గర, బెర్గ్‌విల్ పరిసరాల్లో బస చేసి, ఒకరోజు ఆలివియర్స్‌హుక్ కనుమ మీదుగా గోల్డెన్ గేట్ చూసి, సాయంత్రానికి వెనక్కి రావడం. దూరం చూస్తే రెండు కుటుంబాలకూ దాదాపు న్యాయమైనది. బస దగ్గర ఐదు కిలోమీటర్ల పొడవున నిలువుగా లేచిన యాంఫీథియేటర్ అనే కొండగోడ ఉంటుంది. దారిలో స్టెర్క్‌ఫాంటెయిన్ జలాశయం వస్తుంది. నటాల్‌లోని తుగేలా నది నీటిని కొండ మీదికి తోడి నిలవచేసేది అక్కడే కాబట్టి మీ నాన్నగారికీ లోటుండదు. పైకి ఇంత చక్కగా అమరిన ఈ ఏర్పాటులోనే ఒక ముల్లు ఉంది. పగలు ఫ్రీ స్టేట్‌లో తిరిగి చీకటి పడేలోగా నటాల్‌కు తిరిగి రావడమంటే, ఆ చట్టం ఏలిన రోజుల్లో మీ మామగారు చేసిన ప్రయాణాన్నే మళ్లీ చేయించడం. ఆయనకు అది అభ్యంతరం కాకపోవచ్చు. తన ఇష్టంతో వెళ్లి తన ఇష్టంతో తిరిగి వస్తున్నానని అనుకోవచ్చు. కడుపులో తిప్పినట్టూ ఉండవచ్చు. ఆ సంగతి ఆయన చెప్పాలే తప్ప మనం ఊహించి నిర్ణయించేది కాదు. ఈ ఆలోచన ఆయన ముందు పెడితే, మధ్యేమార్గం దొరికిందన్న ఉత్సాహంతో కాకుండా, "ఇలా అయితే మీకెలా ఉంటుంది" అని అడిగి ఆగండి. జవాబుకు సమయం పడుతుంది, పట్టనివ్వండి.

ఇక నచ్చజెప్పడం గురించి. ఆయన క్లారెన్స్‌లో నిద్రపోతే పాత గాయం మానుతుందని, అదొక విజయమని, అక్కడ మనవరాలితో ఫోటో తీసి గ్రూపులో పెడితే బాగుంటుందని మీకు అనిపించవచ్చు. అది మీకు అందమైన ముగింపు. ఆయనకు అదొక పరీక్ష. వెళ్లి, ఆ రాత్రి నిద్రపట్టక, తెల్లవారి అందరి ముందూ నవ్వుతూ కూర్చోవలసి వస్తే ఆ శిక్ష మనం వేసినదే అవుతుంది. కొందరు పెద్దలు తమను రానివ్వని చోట ఒకసారి దర్జాగా పడుకుని రావాలనుకుంటారు, కొందరు ఆ గడప జన్మలో తొక్కమంటారు, రెండూ ఆత్మగౌరవమే. మీ మామగారు ఏ కోవకు చెందినవారో నాకు తెలియదు. ఆయన మాటను బట్టి రెండో కోవ అనిపిస్తోంది, అయినా ఎవరూ బతిమాలకుండా, ఎవరూ కూడదనకుండా ఉంటే మనసు మార్చుకునే స్వేచ్ఛ ఆయనకు మిగులుతుంది. ఆ ఇంట్లో ఒక గది ఆయన పేరున ఉందని ఒక్కసారి చెప్పి వదిలేయండి. రెండోసారి చెప్పకండి.

మీ భర్త గురించి కూడా ఒక మాట. అతను తండ్రిని కసురుకున్నాడని మీకు కోపంగా ఉన్నట్టుంది. నలభై ఏళ్లు దగ్గర పడుతున్న మనిషికి, తన తండ్రి, మేనత్త చిన్నప్పుడు కారులో వణుకుతూ కూర్చున్నారని ఇప్పుడు హఠాత్తుగా తెలిసింది. తాను లెక్కలేనన్నిసార్లు పెట్రోలు పోయించుకుని, కాఫీ తాగి వెళ్లిన హారిస్మిత్ అది. 'ఊరికే పట్టుబడుతున్నారు' అన్నది తండ్రి మీద కోపమో, ఇన్నాళ్లూ తనకు చెప్పలేదన్న బాధో అతనికే ఇంకా తెలిసి ఉండదు. అతనితో ఊరి సంగతి పక్కన పెట్టి, డర్బన్ వెళ్లినప్పుడు తండ్రితో ఒంటరిగా కూర్చోమని చెప్పండి. మేనత్త బతికి ఉంటే ఆవిడ దగ్గరికీ వెళ్లమనండి. జ్వరంతో ఉన్నది ఆవిడే కదా, ఆవిడ ఆ రాత్రిని మరోలా చెప్పవచ్చు.

మీ అమ్మగారికి మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి, ఇదంతా ఆవిడ మంచు కోరిక వల్ల వచ్చింది కాదని చెప్పండి. ఊరు ఏదైనా, మంచు పడే అవకాశం ఎంతో కూడా నిజం చెప్పండి. ఆవిడ నిజంగా కోరేది మంచే అయితే, వచ్చే ఏడాది జనవరిలో కాశ్మీరు వెళ్లడం ఖర్చులోనూ వీసాలోనూ తేలిక.

నాకైతే మొదటి దారీ రెండో దారీ రెండూ ఒప్పుకోదగినవే అనిపిస్తున్నాయి. మొదటిది, డర్బన్ ముందు పెట్టుకుంటేనే. మూడోది మామగారు తన నోటితో సరే అంటేనే. మీరు తీసుకున్న ఇంటికి కట్టిన డబ్బు వెనక్కి రావడానికి ఒక గడువు ఉండవచ్చు. మీ ఒప్పందంలో ఎంత ఉందో చూసుకుని, ఆ తేదీకి కనీసం వారం ముందే మామగారికి ఫోన్ చేయండి. గడువు రేపనగా అడిగితే ఆయన మీ డబ్బు గురించి ఆలోచించి జవాబు చెబుతారు.